సింగయ్య ఇంటి వైఫై

గురువారం పొద్దున్న పది నలభైకి ఝాన్సీలక్ష్మి సింగయ్య ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచేసరికి లోపల ఇద్దరు ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ఒకరు సింగయ్య భార్య గంగరత్నం, ఇంకొకరు కోడలు దుర్గ. జాలి పడాల్సిన చోట ఝాన్సీకి ఏమీ అనిపించలేదు. మూడు నెలల క్రితం భర్త పోయినప్పటి నుంచీ ఆమె మనసు పన్ను పీకించుకున్న పూట చెంపలాగే ఉంది, గిల్లినా తెలియదు. తెనాలిలో డిటెక్టివ్ బోర్డు దించేద్దామని రోజూ అనుకుంటుంది. దించడానికి కుర్చీ ఎక్కాలి కదా అని బద్ధకించి మానేస్తుంది.

ఆమెను పిలిపించింది ఈ ఇంటివాళ్ళు కాదు, రేపల్లెలోని గౌస్ బీ. ఆవిడ భర్త అబ్దుల్ ఖాదర్ ఐసు ఫ్యాక్టరీలో సగం వాటాదారు. మంగళవారం పొద్దున్న ఆరింటికి స్కూటర్ మీద బయలుదేరినవాడు ఫ్యాక్టరీకి చేరలేదు. మనిషిది ముదిరిన చక్కెర జబ్బు, రెండు పూటలా ఇన్సులిన్ సూది పడాల్సిందే. ఆ మందేమో ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట నలభై ఒక్క నిమిషానికి ఖాదర్ ఫోన్ నుంచి భార్యకి ఒక మెసేజ్ వచ్చింది. 'బాపట్లలో ఉన్నాను, వెతకొద్దు' అని. ఫోన్‌లో సిమ్ పనిచేయడం లేదు, అంటే ఎవరిదో వైఫై పట్టుకుని పంపారు. ఆ సాయంత్రమే బాపట్ల డిటెక్టివ్ రామకృష్ణ ఈ ఇంటికొచ్చి రూటరు పేజీ తెరిచి చూస్తే, ఆ రోజు దానికి తగులుకున్న ఫోన్ల జాబితాలో అబ్దుల్ ఖాదర్ అన్న పేరు, పక్కన ఒకటీ ముప్పై ఎనిమిది అన్న టైమూ కనిపించాయి. ఎనిమిదింటికల్లా పోలీసులు సింగయ్య కొడుకు నాగబాబుని తీసుకుపోయారు. ఇవాళ సాయంత్రం కోర్టులో హాజరు పరుస్తారు.

"అక్కా, ఆ అబ్బాయికేం తెలీదని నా మనసు చెబుతోంది. తెలిస్తే రాత్రే చెప్పేవాడు కదా," అంది గౌస్ బీ పొద్దున ఫోన్లో. "ఎవరు జైలుకి పోతే నాకెందుకు? నా మనిషి నాకు కావాలి. రేపటిదాకా ఆగడు ఆయన." ఆమె గొంతులో ఏడుపు కూడా లేదు. ఆ గొంతు ఝాన్సీకి బాగా తెలిసిన గొంతే. అందుకే రైలెక్కింది.

"పిన్నీ, ఏడుపు తర్వాత. ముందు నాకు టైములు చెప్పండి," అంది చాప మీద కూర్చుంటూ. "నిన్న ఒంటిగంటా నలభైకి ఎవరెక్కడున్నారు?"

గంగరత్నం కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను రేపల్లె మార్కెట్లో గంప దించుకుని కూర్చున్నానమ్మా. మూడింటికి వచ్చా. మా ఆయన ఆదివారం బోటెక్కాడు, రేపొస్తాడు."

"నేను ఎండుచేపల దిబ్బ కాడున్నానండి. రెండున్నరకి వచ్చా," అంది దుర్గ.

"మరి నాగబాబు?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంట్లోనేనండి," అంది దుర్గ చివరికి. "ఒళ్ళు కాలిపోయే జొరం. మాత్రేసుకుని పడుకున్నాడు. అందుకే బోటెక్కలేదు."

"ఒక్కడే?"

"ఒక్కడేనండి."

దొంగసాక్ష్యం చెప్పమని ఎవరూ నేర్పలేదన్నమాట. ఆ సంగతి ఝాన్సీ పుస్తకంలో రాసుకుంది. "ఖాదర్‌తో గొడవేంటి?"

"గొడవేం కాదండి. పోయిన వారం ఐసు సరిగ్గా గడ్డ కట్టక రొయ్య పాడైపోయింది. ఈయన నలుగుర్లో అరిచాడు. ఖాదర్ భాయ్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మిషన్లో గ్యాసు లీకవుతోంది తమ్ముడూ, ఆపి బాగు చేయిద్దామంటే మా పార్ట్‌నర్ ఒప్పుకోట్లేదు, ఇక ఆఫీసర్లకి రాసిచ్చేస్తా, అన్నాడంట. తర్వాత ఇద్దరూ కలిసే టీ తాగారు."

"టీ తాగింది ఎవరైనా చూశారా?"

"అరుపులైతే ఊరంతా విందండి. టీ ఎవరు చూస్తారు?" అంది దుర్గ.

ఝాన్సీ లేచి రూటరు దగ్గరికి వెళ్ళింది. వీధి వైపు కిటికీ గూట్లో ఉందది, పైన దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు, చుట్టూ ప్లాస్టిక్ చామంతుల దండ. ఫోన్ తీసి చూస్తే వైఫై పేరు గంగమ్మతల్లి.

"పాస్‌వర్డ్ ఏంటి?"

"మా మామయ్య బోటు నంబరండి."

ఝాన్సీ తలెత్తి చూసింది. గోడ మీద కొత్త బోటు నీళ్ళలోకి దింపిన రోజు ఫొటో ఉంది. బోటు మూతికి అటూ ఇటూ మూరెడేసి తెల్లటి అక్షరాల్లో నంబరు రాసి ఉంది. "అది పెట్టమని ఎవరు చెప్పారు?"

"కేబుల్ పెట్టిన ఏసుపాదం గారండి. జన్మలో మర్చిపోని నంబరు చెప్పండి అన్నారు. మామయ్య అదే చెప్పాడు. ఈ వీధిలో ఎవరి బోటు నంబరు వాళ్ళదేనండి."

వేరే రోజుల్లోనైతే ఝాన్సీ పడీ పడీ నవ్వేది. ఇంటికి తాళం వేసి, తాళం చెవి బొమ్మ గోడ మీద గీసి పెట్టుకున్నట్టుంది యవ్వారం. హార్బరులో అక్షరాలు తెలిసిన ప్రతివాడికీ ఈ వీధిలో ప్రతి ఇంటి తాళమూ తెలుసు. ఆమె రూటరు పేజీ తెరిచింది. ఆ పేజీ తెరవడానికి కావాల్సిన పేరూ రహస్యమాటా కంపెనీవాళ్ళు పంపినవే, పెట్టె అడుగున చీటీ మీద అచ్చేసి ఉన్నాయి. ఇప్పుడు తగులుకుని ఉన్నవి పదకొండు ఫోన్లు.

"ఇంట్లో ఫోన్లెన్ని?"

"మూడండి. ఒకటి మామయ్యతో సముద్రం మీదుంది, ఇంకోటి పోలీసులు తీసుకున్నారు. ఇక్కడున్నది నాదొక్కటే."

"మరి మిగతా పదీ ఎవరివి? నాదొకటి, తొమ్మిదనుకో."

గంగరత్నం అడ్డం వచ్చింది. "అడిగినోళ్ళకి చెబుతామమ్మా. మగాళ్ళు నీళ్ళ మీదున్నప్పుడు గుమ్మంలోకొచ్చి అడిగితే లేదనకూడదు. మా అత్త నిప్పు లేదనేది కాదు, ఉప్పు లేదనేది కాదు. ఇప్పుడు ఇదడుగుతున్నారు."

ఝాన్సీ వైఫై ఎంతదూరం అందుతుందో చూద్దామని ఫోన్ చేత్తో పట్టుకుని వీధిలోకి నడిచింది. కల్వర్టు దాకా ముప్పై నాలుగు అడుగులు, అక్కడ తెగిపోయింది. అంటే నిన్న మధ్యాహ్నం ఈ ముప్పై నాలుగు అడుగుల్లో ఎక్కడో ఒకచోట ఖాదర్ ఫోన్ ఉంది. ఇంట్లోనే ఉండక్కర్లేదు, వీధిలో ఆగిన బండిలో ఉన్నా చాలు.

ఆమె తిరిగొచ్చేసరికి, పదకొండూ పదిహేనుకి, తెల్ల కారొకటి కిటికీకి ఎదురుగా వచ్చి ఆగింది. దిగింది రామకృష్ణ. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచీ. ముందు సీట్లో పెద్దమనిషి ఒకాయన దిగకుండా కూర్చున్నాడు.

"ఆయన బసవేశ్వరరావు గారు. ఖాదర్ భాయ్ పార్ట్‌నరు," అని దుర్గ గొణిగింది. "ఈ సారుని పెట్టింది ఆయనే."

"మోకాళ్ళ నొప్పులయ్యా, నేనిక్కడే ఉంటా. నువ్వు చూసుకునిరా," అన్నాడు బసవేశ్వరరావు. రామకృష్ణ కారు తాళం చెవి జేబులో వేసుకుని లోపలికొచ్చాడు.

"తెనాలి నుంచి మేడం గారే దిగారే! మా సంతాపాలండి. ఇంకొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవాల్సింది," అన్నాడు పళ్ళన్నీ కనబడేలా.

ఆ మాట గుచ్చుకోవాలని అన్నాడని ఝాన్సీకి తెలుసు. గుచ్చుకోలేదు. "మీరు నిన్న జాబితాలో ఖాదర్ పేరు చూశారు. మంచి పనే. ఆ జాబితాలో ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టారా?"

"అవసరమేముంది? పాస్‌వర్డ్ తెలిసింది నలుగురికి. ఒకరు సముద్రంలో, ఇద్దరు బయట, ఒకడు ఇంట్లో. చిన్నపిల్లాడైనా చెబుతాడు."

ఝాన్సీ గోడ మీది ఫొటో చూపించింది. "పాస్‌వర్డ్ అదండి. మూరెడు అక్షరాల్లో."

రామకృష్ణ ఫొటో వైపు చూశాడు. చెవులు కొంచెం ఎర్రబడ్డాయి. "నాకు వీళ్ళు చెప్పలేదు."

"మీరడిగితే కదండీ," అంది దుర్గ వెనకనుంచి. "వచ్చీ రాగానే పెట్టె తిరగేసి, అడుగున చీటీ చూసి పేజీ తెరిచారు. మమ్మల్ని మాటాడనిచ్చారా?"

"అసలీ ఇంటికే ఎందుకొచ్చారు?" అడిగింది ఝాన్సీ.

"నాగబాబు మీద అనుమానముందని మా క్లయింటు చెప్పారు. చెప్పినట్టే దొరికింది. మీకేమైనా అభ్యంతరమా?"

ఝాన్సీ మళ్ళీ తన పనిలో పడింది. ముందు పాత జాబితానంతా ఫొటోలు తీసుకుంది. తర్వాత రూటరు పేజీలో ఒక్కొక్కటీ మార్చడం మొదలెట్టింది. కంపెనీవాళ్ళ రహస్యమాట తీసేసి కొత్తది పెట్టింది. పాతకాలపు భద్రత పద్ధతి ఉంటే తీసేసి గట్టిది ఎంచుకుంది. మీట నొక్కితే చాలు ఎవడి ఫోన్‌నైనా లోపలికి రానిచ్చే సదుపాయమొకటి ఉంటే దాన్ని ఆపేసింది.

"ఏం చేస్తున్నారు మీరు? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే!" అన్నాడు రామకృష్ణ.

"తాళం మారిస్తే, పాత చెవులతో తిరుగుతున్నవాళ్ళందరూ వాళ్ళంతట వాళ్ళే వచ్చి తలుపు కొడతారండి. ఎవరెవరొచ్చారో రాసుకుంటా. నలుగురికే తెలుసన్న మీ మాట సాయంత్రం కోర్టులో నిలబడదు." ఆమె దుర్గ వైపు తిరిగింది. "నాలుగు మాటలు చెప్పమ్మా. ఒకదానికొకటి సంబంధం ఉండకూడదు. పేర్లొద్దు, బోటొద్దు, పుట్టినరోజులొద్దు."

దుర్గ ఆలోచించింది. "చింతకాయ. సైకిలు. ఆదివారం. బొగ్గు."

"భేషుగ్గా ఉంది." నాలుగూ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి, మర్చిపోకుండా ఒక చీటీ మీద రాసి దుర్గకిచ్చింది. దుర్గ దాన్ని చూసి తన ఫోన్ కలుపుకుని, చీటీ కిటికీ గూట్లో పెట్టింది. "సాయంత్రం దాకా ఎవరికీ చెప్పొద్దు. పిన్నీ, మీకే చెబుతున్నా."

గంగరత్నం తలాడించింది. ఆ తలాడింపు అంత గట్టిగా లేదు.

పదకొండూ ముప్పై రెండు. జాబితాలో ఇప్పుడున్నవి రెండే ఫోన్లు, దుర్గదీ ఝాన్సీదీ. నాలుగు నిమిషాలకి పక్కింటి జ్యోతిలక్ష్మి గోడ మీంచి కేకేసింది. "గంగరత్నమక్కా, నెట్టేమైందే? సీరియల్ మధ్యలో ఆగిపోయింది!" తర్వాత చేపల ఆటో నడిపే పండు వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఆ వెనక ఎదురింటి ముసలమ్మ, మనవరాలి ఫోన్ పట్టుకుని. ముగ్గురికీ గంగరత్నం లేదని చెప్పింది. చెప్పినప్పుడల్లా గంగమ్మతల్లికి చెంపలు వేసుకుంది. ఝాన్సీ పేర్లు రాసుకుంది. గంగరత్నం మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సరే, పది మంది వాడుకున్నారు. ఒప్పుకుంటాను," అన్నాడు రామకృష్ణ. గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. "దానివల్ల నాగబాబు మంచివాడైపోతాడా? ఆ పదిలో ఖాదర్ ఫోన్ ఎవరి దగ్గరుందో చెప్పండి చూద్దాం. మనిషి ఎక్కడున్నాడో చెప్పండి. చెప్పలేరు. మీరు చేసిందల్లా దొరికిన ఒక్క దారీ మూసేయడం."

అది నిజమే. లాకప్‌లో ఉన్న మనిషిని విడిపించొచ్చు గానీ, తప్పిపోయిన మనిషి దగ్గరికి ఒక్క అడుగు కూడా పడలేదు. గౌస్ బీకి ఏం చెప్పాలి అనుకుంటూ ఝాన్సీ చేతిలోని ఫోన్ వైపు చూసింది.

జాబితాలో మూడో పేరు వచ్చింది.

అబ్దుల్ ఖాదర్. పదకొండూ యాభై రెండు.

ఆమె ఏమీ అనకుండా ఫోన్ రామకృష్ణ ముందు పెట్టింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు. "నాగబాబు..." అని ఆగిపోయాడు.

"లాకప్‌లో ఉన్నాడు. దుర్గ నా పక్కనుంది. కొత్త పాస్‌వర్డ్ పెట్టి ఇరవై నిమిషాలైంది." ఝాన్సీ కిటికీ వైపు తిరిగింది. గూట్లో చీటీ లేదు. గంగరత్నం చేతిలో ఉంది. "పిన్నీ, ఆ చీటీ ఎవరికి చూపించారు?"

గంగరత్నం మొహం పాలిపోయింది. "ఒక్కళ్ళకేనమ్మా. ఇరుగూ పొరుగూ అయితే మనోళ్ళు, లేదంటే సర్దుకుంటారు. ఎండలో కూర్చున్న పెద్దాయన, కిటికీ కాడికొచ్చి అడిగాడు, కాలక్షేపానికి కాస్త నెట్టివ్వమ్మా అని. ఆదివారం నుంచీ మా ఆయన నీళ్ళ మీదున్నాడు, లేదని ఎట్టా అంటాను? చూసుకుని చీటీ తిరిగిచ్చేశాడు కూడాను."

"ఏ పెద్దాయన?"

"ఈ సారు కార్లో ఆయనే. బసవేశ్వరరావు గారు."

రామకృష్ణ కుర్చీలో కూర్చుండిపోయాడు. అనుమానం నాగబాబు మీద పెట్టిందీ ఆయనే, ఈ ఇంటికి పంపిందీ ఆయనే, ఫ్యాక్టరీ ఆపనివ్వనిదీ ఆయనే. బోటు నంబర్లు చూసుకుని ఐసు దింపే మనిషికి ఈ వీధి పాస్‌వర్డ్‌లన్నీ నోటికొచ్చు. నిన్న పనిచేసిన ఉపాయం ఇవాళ కూడా పనిచేస్తుందనుకున్నాడు. ఇంట్లో ఇంకా ఆడవాళ్ళున్నారు కదా, వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. వీధివాళ్ళందరికీ లేదన్నారని కార్లో కూర్చున్న ఆయనకి తెలియదు.

ఝాన్సీ ఫోన్ మోగింది. గౌస్ బీ.

"అక్కా, మళ్ళీ మెసేజ్ వచ్చింది. చదువుతున్నా." అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చదివింది. "'గౌస్ బీ, నన్ను క్షమించు. సముద్రంలోకి వెళ్ళిపోతున్నాను. ఎవరి తప్పూ లేదు.' అక్కా, ఇది ఆయన రాసింది కాదు. పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. మా అమ్మాయి పేరు కలిపి షబ్నం అమ్మా అంటారు. అంటే ఏంటక్కా దీనర్థం?"

అర్థం ఝాన్సీకి అప్పుడే తెలిసింది. ఇది చచ్చిపోయిన మనిషి పేరు మీద రాసే ఉత్తరం. సాయంత్రానికి ఆ మనిషి లేకుండా పోవాలి, అందుకే ఇది ఇప్పుడే పంపారు. తను తాళం మార్చి హడావుడి చేసి ఆయన్ని తొందరపెట్టింది. మూడు నెలలుగా ఏదీ అంటని ఒంటికి భయం అంటుకుంది.

"ఇంట్లోనే ఉండు. ఫోన్ దగ్గర పెట్టుకో," అని ఆమె వీధిలోకి నడిచింది. రామకృష్ణ వెనకే వచ్చాడు.

బసవేశ్వరరావు సీటు వెనక్కి వాల్చుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ఫోన్. వాళ్ళిద్దరి మొహాలూ చూశాక దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదు. రామకృష్ణ తలుపు లాగి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "నన్నే పావుగా వాడుకున్నావా? పద స్టేషన్‌కి!"

"పోదాం. తొందరేముంది?" అన్నాడు బసవేశ్వరరావు, ఫ్యాక్టరీలో లోడు గురించి మాట్లాడుతున్నట్టు. "నన్నడిగితే నేను ఒకటే చెబుతా, ఈ ఫోన్ దారిలో దొరికిందని. లాయరొస్తాడు. రేపో ఎల్లుండో మీరు నా మాట అబద్ధమని తేలుస్తారు. అప్పటికి ఖాదర్ ఉండడు."

"బతికే ఉన్నాడా?" అడిగింది ఝాన్సీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"రాత్రి మాట్లాడాడు. నీళ్ళు, నీళ్ళు అన్నాడు. పొద్దున నేను చూసినప్పుడు మాట్లాడలేదు. ఊపిరుంది." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను కొట్టలేదమ్మా. ఆఫీసర్లకి రాయనని కాగితం మీద సంతకం పెట్టమంటే చేయనన్నాడు, తలుపు వేశానంతే. ఎక్కడున్నాడో ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. నన్నిక్కడ దింపితే వెతుక్కోండి. ఈ డెల్టాలో ఎన్ని గొడ్లపాకలు, ఎన్ని చేపల షెడ్లు, ఎన్ని మూతపడ్డ మిల్లులు!"

రామకృష్ణ పట్టు సడలింది. "నీకేం కావాలి?"

"నువ్వొద్దు. నువ్వు ఆవేశపరుడివి. ఈ అమ్మ నడుపుతుంది. నన్ను నేను చెప్పిన చోట రైలెక్కించాక, అడ్రసు చెబుతా. ఫోన్లు ఇక్కడే వదిలేయాలి."

"మీరు నమ్మకండి మేడం," అన్నాడు రామకృష్ణ. మొదటిసారి ఆ పిలుపులో వెటకారం లేదు. "ఎక్కాక చెప్పకపోతే?"

"చెప్పకపోవచ్చు," అంది ఝాన్సీ. కానీ ఇక్కడ నిలబడి వాదించుకుంటే ఖచ్చితంగా చెప్పడు. గౌస్ బీ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. భర్త పోయేముందు ఆసుపత్రి వరండాలో పదకొండు రోజులు అలాంటి గొంతుతోనే తనూ మాట్లాడింది, కానీ అప్పుడు ఎక్కడికి పరిగెత్తాలో చెప్పేవాడు లేడు. ఆమె తన ఫోన్ దుర్గ చేతికిచ్చింది. "గౌస్ బీ ఇంటికెళ్ళి ఫ్రిజ్‌లో ఉన్న ఇన్సులిన్ ఐసులో పెట్టించి, డాక్టర్ని సిద్ధంగా ఉంచమ్మా. నీ మొగుడు సాయంత్రానికి వచ్చేస్తాడు."

దుర్గ తలూపింది. గంగరత్నం గుమ్మంలో చీటీ ఉండ చుట్టి పట్టుకుని నిలబడిపోయింది.

రామకృష్ణ తాళం చెవి ఇచ్చాడు. ఝాన్సీ ఎక్కి కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది. టైము పన్నెండూ నాలుగు.

"ఎటు?"

"బాపట్ల వైపు పోనీయమ్మా. నెమ్మదిగా," అన్నాడు బసవేశ్వరరావు, వెనక అద్దంలోకి చూస్తూ. "ఒక్క మాట. వెనకాల ఏ బండి కనబడినా నాకు ఆ అడ్రసు గుర్తుండదు."